పన్నెండు వేల అడుగుల ఎత్తులో ఇస్నాపూర్ నక్షత్రం

క్లారా నా దగ్గర ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తెలుగు చదువుకుంది. ఇప్పుడు విమానంలో ఎయిర్ హోస్టెస్. ఆ మాట ఆమె ఒప్పుకోదు. “క్యాబిన్ క్రూ అనాలె టీచర్” అని దిద్దుతుంది. ఒకప్పుడు దాని కాపీలు నేను దిద్దేదాన్ని, ఇప్పుడు నన్ను అది దిద్దుతోంది. నేను మాత్రం ఎయిర్ హోస్టెస్ అనే చెప్పుకుంటాను. అలా చెబితేనే కూరగాయల మల్లమ్మకు అర్థమవుతుంది. అర్థమైన రోజున రెండు కొత్తిమీర కట్టలు ఎక్కువ వేస్తుంది.

పోయిన డిసెంబరులో ఆ పిల్ల వచ్చే విమానానికి ఆకాశంలో ఒకటి ఎదురైంది. గుర్తు తెలియని ఎగిరే వస్తువు అంటారట అలాంటిదాన్ని. విమానం నడిపే పెద్దమనిషికి అదేమిటో గుర్తు తెలియలేదు. క్లారాకు చూసిన మరుక్షణమే తెలిసిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు పిల్ల సంగతి చెప్పనివ్వండి.

వాళ్ళ నాన్న సత్యరాజు పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ సుకుమారి ఇంట్లోనే బట్టలు కుడుతుంది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఇస్నాపూర్‌లో మా ఇంటి పక్కిల్లే వాళ్ళది. కింద వాళ్ళుంటారు, మీద నాలుగు గదులు కిరాయికిచ్చారు. ఆ గదుల్లో ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు. షిఫ్టుకు పోయేవాళ్ళు పోతుంటారు, వచ్చి పడుకునేవాళ్ళు పడుకుంటుంటారు. ఆ మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిన గంట నేనెరుగను.

క్లారా సంగారెడ్డిలో డిగ్రీ చేస్తుండగా దాని మనసులో విమానం పడింది. ఎలా పడిందో అడిగితే చెప్పదు. మొదటి ఇంటర్వ్యూలో ఇంగ్లీషు దగ్గర పోయింది. రెండో ఇంటర్వ్యూలో ఇంగ్లీషు వచ్చింది కానీ హిందీ దగ్గర పోయింది. అప్పుడు సాయంత్రాలు మేడ మీద ప్రాక్టీసు మొదలుపెట్టింది. ఆరేసిన లుంగీల మధ్య నిలబడి, రెండు చేతులూ చాచి, అత్యవసర ద్వారాలు ఎక్కడున్నాయో చూపించేది. బకెట్లు బోర్లించుకుని కూర్చున్న కిరాయిదార్లే ప్రయాణికులు. అందులో రంజన్ అనే ఒడిశా అబ్బాయి తువ్వాలు నడుముకు కట్టుకుని “మేడం, మేరా సీట్ బెల్ట్ ఛోటా హై” అని అల్లరి చేసేవాడు. హిందీ తప్పు వస్తే బీహార్ వాళ్ళు దిద్దేవాళ్ళు. కింద నుంచి సుకుమారి అరుపు:

“ఓ క్లారా! విమానం దిగినంక ఆ బట్టలు గూడ జెర తీస్కరా!”

మూడో ఇంటర్వ్యూలో సెలెక్టయింది. మొదటిసారి యూనిఫాం వేసుకుని గల్లీలో నడిచిన రోజు, రంజన్ ఎదురొచ్చి తువ్వాలు నడుముకు చుట్టి గట్టిగా ముడేసి చూపించాడు. అది నవ్వుతూ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది, కాటుకంతా పోయింది, మళ్ళీ లోపలికెళ్ళి దిద్దుకుని వచ్చింది. ఇదంతా నా కళ్ళ ముందు జరిగిందే. ఎవరో చెప్పగా రాయడం లేదు.

ఇక నక్షత్రం సంగతి.

మా ఇస్నాపూర్ లోపలి గల్లీలో రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఉంది. నేను ఆ చర్చి మనిషిని కాదు. అయినా ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పండుగ పిండివంటలు తిన్న మనిషిని. ప్రతి డిసెంబరు మొదటి ఆదివారం ఆ చర్చి మీద వెదురుబొంగుకు పెద్ద నక్షత్రం కడతారు. అది చేసేది సత్యరాజు. కొన్న నక్షత్రం ఆయనకు నచ్చదు. సన్నటి అల్యూమినియం గొట్టాలు కోసి, అయిదు కొమ్ములు అతికి, రంగు కాగితం సాగదీసి అంటించి, లోపల బల్బుల దండ పెడతాడు. కింది కొమ్ము మిగతా వాటికంటే పొడుగు. అది ఎర్రది, తక్కిన నాలుగూ పసుపు. ఫ్యాక్టరీలో పంపు బిగించినంత శ్రద్ధగా బిగిస్తాడు. సుకుమారి అంటుంది, “ఆ నక్షత్రానికి జేసిన సేవల సగం నాకు జేస్తే నేను గూడ మెరిసేదాన్ని” అని.

ఒకప్పుడు ఆ నక్షత్రం హైవే మీదికి కనబడేది. షిఫ్టు బస్సుల్లో పోయేవాళ్ళు కిటికీల్లోంచి చూసేవాళ్ళు. తర్వాత చర్చి చుట్టూ నాలుగంతస్తులు, అయిదంతస్తులు కిరాయి బిల్డింగులు లేచాయి. రెండేళ్ళ కిందట రుద్రారం నుంచి ఒక ముసలమ్మ పాటల కూడికకు వస్తూ దారి తప్పి, గంటసేపు గల్లీల్లో తిరిగింది, చివరికి నేనే పట్టుకొచ్చాను. ఆవిడ సత్యరాజును నిలదీసింది:

“ఏమయ్య సత్తిరాజు, నీ సుక్క ఏడబాయె? సుక్కను జూసుకుంట వచ్చేదాన్ని. ఈ ఏడు కనవడకపాయె.”

ఆ మాట సత్యరాజుకు ముల్లులా గుచ్చుకుంది. పోయిన ఏడు నవంబరులో ఉపాయం దొరికింది. వెలిమెల వైపు ప్లాట్లు అమ్మే వాళ్ళు వెంచరు మొదలుపెట్టినప్పుడల్లా ఆకాశంలో పెద్ద గుండ్రటి బెలూను ఎగరేస్తారు కదా, దాని మీద వాళ్ళ పేరు రాసి. ఆ వెంచర్లలో ఒకదాని దగ్గర వాచ్‌మన్ యాదగిరి సత్యరాజుకు పాత దోస్తు. వాళ్ళు వాడి పారేసిన బెలూను ఒకటి అతని గదిలో మడిచిపెట్టి ఉంది.

“గ్యాసు నింపిస్త తియ్,” అన్నాడట యాదగిరి. “ప్లాట్లనే ఎగరేసినం, నీ నక్షత్రం ఎంత?”

బెలూను కింద వేలాడాలి కాబట్టి తేలికగా ఉండాలని సత్యరాజు కొత్త నక్షత్రం మొదలుపెట్టాడు. ఆ వారం క్లారా సెలవు మీద ఇంట్లో ఉంది. తండ్రీ కూతుళ్ళు వరండాలో కూర్చుని బల్బుల వైర్లు అతికి చిన్న బ్యాటరీకి కలిపారు. ఎర్ర కొమ్ములో వైరు అతికింది క్లారా.

“డాడీ, ఈ జాయింటు జెర వదులుగుంది. లైటు ఆగి ఆగి వస్తుంది.”

“గంత పైన ఎవరు జూస్తరు బిడ్డా? ఉండనియ్.”

పిల్ల డ్యూటీకి ఢిల్లీ వెళ్ళిపోయింది. గ్యాసు దొరకడం ఆలస్యమై, ఈసారి డిసెంబరు పదకొండున, సాయంత్రం ఏడింటికి, నక్షత్రాన్ని పైకి వదిలారు. చర్చి పక్కనున్న నీళ్ళ ట్యాంకు నిచ్చెనకు తాడు కట్టారు. మేడలన్నీ దాటి పైకి వెళ్ళి నిలిచింది. అబ్బ, ఏం చెప్పను! పసుపు, ఎరుపు, గాలికి మెల్లగా తిరుగుతూ. సత్యరాజు హైవే దాకా పరుగెత్తి చూసి, మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. “కనవడుతుంది! పెట్రోల్ బంకు కాడికి కనవడుతుంది!” అని ఆయాసపడుతున్నాడు.

అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాస్టర్ జెఫ్రీగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడుగని అందరికీ తెలుసు. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, పరీక్షలు రాసేవాళ్ళ పేర్లు, నైట్ షిఫ్టు వాళ్ళు, రోడ్డు దాటేవాళ్ళు, అందరూ అయ్యాక, “ప్రభువా, ఈ నక్షత్రమును గాలి వలన, వాన వలన ఏ హానీ కలుగకుండ కాపాడుము” అన్నారు. ఆమెన్ అని అందరం కళ్ళు తెరిచాం.

నక్షత్రం లేదు.

నిచ్చెన నుంచి రెండు బారల తాడు వేలాడుతోంది. చర్చి రేకు అంచుకు రాసుకుని తెగిపోయింది. అంతమందిమి అక్కడే ఉన్నాం, ఒక్కరమూ చూడలేదు. అందరం కళ్ళు మూసుకుని దాన్ని కాపాడమనే కదా అడుగుతున్నాం! రుద్రారం ముసలమ్మ ఒక్కతే శాంతంగా “దేవుడే తీస్కపోయిండు, ఆయనకు నచ్చింది” అంది. సత్యరాజు యాదగిరిని బండి ఎక్కించుకుని సంగారెడ్డి వైపు పొలాలన్నీ వెతికి వచ్చాడు. దొరకలేదు. క్లారాకు ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు. జాయింటు మాటా వినలేదు, తాడూ సరిగ్గా చూసుకోలేదు అని తిడుతుందని భయం. విమానాల సంగతి ఆయన బుర్రకే తట్టలేదు. నా బుర్రకూ తట్టలేదు లెండి.

ఆ సాయంత్రం నక్షత్రం తెగిపోయిన కాసేపటికి, క్లారా ఉన్న విమానం ఢిల్లీ నుంచి వచ్చి శంషాబాద్‌కు కిందికి దిగుతోంది. కెప్టెన్ సంధూ అని, అరవై మూడేళ్ళ పెద్దాయన. ఆయన కొత్త పిల్లల్ని పేరుతో కాక ఊరితో గుర్తుపెట్టుకుంటాడట. క్లారాను “ఇస్నాపూర్ బేటా” అంటాడు. ఆ ఊరు ఎక్కడుందో ఆయనకు తెలియదు, అయినా ఆ పేరు నోటికి బాగుందట. ఆ రోజు పక్క పైలట్‌కు కడుపు బాగాలేక బాత్రూముకు లేచాడు. కాక్‌పిట్‌లో ఒక్కరే ఉండకూడదని వాళ్ళకు నియమం. అందుకని క్లారా లోపలికెళ్ళి నిలబడింది.

అప్పుడు కెప్టెన్ ముందుకు వంగాడు. “బేటా, వో క్యా హై?”

ఎడమవైపు, వీళ్ళంత ఎత్తులోనే, చీకట్లో ఒక వెలుగు. చుక్క అనుకుందామంటే చుక్క కాదు, విమానం అనుకుందామంటే విమానం కాదు. దగ్గరకొస్తున్న కొద్దీ కొమ్ములు కనబడ్డాయి. నాలుగు పసుపు, పొడుగ్గా ఒకటి ఎరుపు. పైనున్న బెలూను మాత్రం చీకట్లో కనబడలేదు. మెల్లగా తిరుగుతోంది. ఎర్ర కొమ్ము వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. ఆరేడు సెకన్లేనట అంతా. పక్కనుంచి దాటిపోయింది. వెనక్కి తిరిగి చూసేలోగా చీకటి.

కెప్టెన్ కింది వాళ్ళతో రేడియోలో మాట్లాడాడు. వాళ్ళ రాడార్‌లో ఏమీ లేదన్నారు.

“నువ్వూ చూశావు కదా?” అన్నాడు ఆయన.

ఇంతలో పక్క పైలట్ తలుపు తట్టాడు.

దిగాక కెప్టెన్ రూలు ప్రకారం రిపోర్టు రాశాడు. నక్షత్రం ఆకారంలో వెలుగుతున్న గుర్తు తెలియని వస్తువు, పన్నెండు వేల అడుగుల ఎత్తు. బొమ్మ కూడా వేశాడు. సేఫ్టీ ఆఫీసువాళ్ళు క్లారాకు ఒక కాగితం ఇచ్చి, చూసింది రాయమన్నారు. ఆ పిల్ల పది నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చుంది. విమానాల దారిలో ఏది ఎగరేసినా పోలీసు కేసని వాళ్ళకు ట్రైనింగులో చెప్పారు. దాని కళ్ళ ముందు వాళ్ళ నాన్న చేతికి బేడీలు కనబడ్డాయి. “నేను ఏమీ గమనించలేదు” అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేసింది.

ఆ వాక్యం వెళ్ళి ఆ పెద్దాయన మీద పడింది.

చూడండి, రాడార్‌లో లేదు. పక్క పైలట్ బాత్రూములో. ఉన్న ఒక్క మనిషీ చూడలేదంటోంది. ఇక మిగిలింది అరవై మూడేళ్ళ మనిషికి ఆకాశంలో నక్షత్రాలు కనబడుతున్నాయన్న సంగతే. కంపెనీవాళ్ళు ఆయన్ని విమానం ఎక్కొద్దన్నారు. కళ్ళు చూపించుకో, మెదడు చూపించుకో అన్నారు. ఆయన కోపగించుకుని ఉంటే క్లారా తట్టుకునేదేమో. ఆయన కోపగించుకోలేదు. ఏడో రోజున ఫోన్ చేశాడు.

“ఇస్నాపూర్ బేటా, నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు. నీకు నిజంగా ఏమీ కనబడలేదా?”

క్లారా ఫోను చెవికి అదిమి పట్టుకుంది.

“సరే. అయితే నా కళ్ళదే తప్పయి ఉంటుంది. నలభై ఏళ్ళు నమ్మాను వాటిని. డాక్టరుకు కూడా అదే చెప్పేస్తాను, నాకు ఊరికే అనిపించిందని.”

ఆ మర్నాడే క్లారా బ్యాగు తీసుకుని ఇంటికొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. సుకుమారి, నేను గరిజెలు, అదే కజ్జికాయలు, చేస్తున్నాం. నేను వత్తి కొబ్బరిపొడి పెడుతున్నాను, సుకుమారి అంచులు మడుస్తోంది. సత్యరాజు బయట మంచం మీద కూర్చుని కొత్త నక్షత్రానికి గొట్టాలు కోస్తున్నాడు, ఈసారి మామూలు వెదురుబొంగుకే. పిల్ల చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి పీట మీద కూలబడింది.

“ఏందే గట్ల కూసున్నవ్? మొకం గట్లుందేంది?” అంది సుకుమారి.

“డాడీ, నక్షత్రం ఏడబోయింది?”

సత్యరాజు రంపం ఆపాడు. “అది… జెర తాడు తెగింది బిడ్డా. ఎవరు జెప్పిండ్రు నీకు?”

“ఎవరు జెప్పలే. నేనే చూసిన. ఫ్లైట్లకెల్లి.”

అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. నేను పిండి చేతులతోనే దాని తల నిమిరాను, జుట్టంతా తెల్లగా అయింది. ఇక సత్యరాజు మొదటి మాట ఏమిటనుకున్నారు?

“ఎంత ఎత్తుల ఉండె?”

“పన్నెండు వేల అడుగులు.”

“పన్నెండు వేలా!” మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు. “లైట్లు మండుతుండెనా? తిరుగుతుండెనా? కాయితం ఏడనన్న చినిగిందా?”

“నీ నక్షత్రం మన్నువడ!” సుకుమారి చేతిలోని గరిజె పీట మీద కొట్టింది. “పిల్ల గింత పరేషాన్‌ల ఉంటే కాయితం చినిగిందా అని అడుగుతవా? పోలీసోళ్ళొస్తె వాళ్ళకు జెప్పు, కాయితం చినగలేదని!”

“అడుగుత గదా, నేను జేసిన వస్తువ…” అని గొణిగి కూర్చున్నాడు. తర్వాత, “ఆ కెప్టెన్ సారు ఇప్పుడు ఏం జేస్తున్నడు?” అన్నాడు.

“ఇంట్లనే ఉన్నడు డాడీ. ఎగరనిస్తలేరు. తన కండ్లే తప్పు అని తనే అనుకుంటున్నడు.”

సత్యరాజు రంపం పళ్ళ మీద వేలు రాస్తూ కూర్చున్నాడు.

“నేను కొత్తగ నౌకరిల చేరినప్పుడు, సుకుమారీ, నీకు యాదికుందా, ఒక షాఫ్టు కొలత తప్పని నన్ను పది దినాలు పక్కకు కూసోబెట్టిండ్రు. నేను మంచిగనే కొలిచిన. కొలిచే గేజే ఖరాబుండె. ఆఖరికి తెలిసింది. గని ఆ పది దినాలు నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. ఇంట్ల గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణికేది.” తల ఎత్తాడు. “గా సారుకు అట్ల కావొద్దు.”

“అంటే జైలుకు పోతవా?” అంది సుకుమారి.

“పోత. పండుగ దాటితె గరిజెలు ఆడికే పట్కరా.”

“మీకేం, మీరు నవ్వులాటకు అంటరు,” అంది క్లారా. “అబద్ధం రాసిన అని తెలిస్తె నా నౌకరి గూడ పోతది డాడీ.”

ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల మేడ మీద ఎన్ని సాయంత్రాలు నిలబడిందో మాకందరికీ తెలుసు. సత్యరాజు కూతురి ఉద్యోగాన్ని తన చేత్తో తీసి ఇవ్వలేకపోయాడు పాపం.

“నా తప్పు నేను రాసిస్త. నీ సంగతి నేను చెప్పలేను బిడ్డా,” అన్నాడు చివరికి.

పిల్ల నా వైపు చూసింది. “టీచర్, మీరేమంటరు?”

ముప్ఫై నాలుగేళ్ళు సత్యం మీద వ్యాసాలు రాయించాను. అయినా ఆ వేళ “ముందు ఒక గరిజె తిను” అన్నాను, సిగ్గులేకుండా. అది తిన్నది. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, “ఒక తెల్ల కాయితం ఉందా మమ్మీ?” అని అడిగింది.

అది ఇంగ్లీషులో దాని వాంగ్మూలం మళ్ళీ రాసుకుంది. సత్యరాజు ఉత్తరం నేను తెలుగులో రాశాను, ఆయన చెబుతుంటే. “గౌరవనీయులైన అధికారులకు, క్షమించగలరు” అని మొదలుపెట్టబోయాను.

“క్షమాపణ ఎనక రాయి టీచరమ్మ. ముందు కొలతలు రాయి.”

“ఉత్తరానికి ముందు కొలతలేమిటయ్యా?”

“కొలతలు లేకుంటె గా సారు చూసింది ఇదే అని ఎట్ల తెలుస్తది?”

అదీ నిజమే. రాశాను. నాలుగు కొమ్ములు మూడడుగులు, కింది కొమ్ము నాలుగున్నర. గొట్టం లావు ఇంత, కాగితం రంగు ఇది, బల్బులు ఇన్ని. చివర రెండు వాక్యాల్లో, “ఇది నేనే చేసి నేనే ఎగరేసినాను. విమానాల సంగతి ఆలోచించకపోవడం నా తప్పు. కెప్టెన్ గారి తప్పు లేదు” అని.

మర్నాడు శంషాబాద్ వెళ్ళాం. వాళ్ళతో మీకేం పని అంటారా? సుకుమారి మిషను మీద గుడ్డ కూడా పెట్టకుండా కూర్చుని, నీవన్నా తోడు పో అక్కా అంది. పైగా నేను విమానాశ్రయం దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు రుచిత అని చిన్న వయసు అమ్మాయి, తెలుగమ్మాయే. క్లారా కాగితం చదివింది. మొహం బిగుసుకుపోయింది. ఉత్తరం చదివింది, కొలతల దగ్గర కళ్ళజోడు సవరించుకుంది. తర్వాత ఎవరికో ఫోన్ చేసింది. గంటన్నర కూర్చున్నాక కెప్టెన్ సంధూ వచ్చాడు. తెల్లగడ్డం, నీలం తలపాగా, భుజాలు కొంచెం వంగి ఉన్నాయి. క్లారా లేచి నిలబడింది కానీ తల ఎత్తలేదు.

రుచిత ఆయన వేసిన బొమ్మను టేబులు మీద పెట్టింది. “మీరు చేసింది ఇదేనా చూడండి.”

సత్యరాజు కాగితాన్ని వెలుగుకు తిప్పి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఫ్యాక్టరీలో డ్రాయింగు చూసే తీరే అది.

“కింది కొమ్ము పొడుగు ఏసిండు. మంచిది. గీ కొమ్ము లోపల చుక్క చుక్క గీతలు ఎందుకు పెట్టిండు సారు?”

క్లారా అడిగి చెప్పింది. “గది వెలిగి ఆరుతుండెనంట డాడీ. మల్ల వెలుగుతుండెనంట.”

సత్యరాజు తొడ చరిచాడు, ఆఫీసు అని కూడా చూడకుండా.

“అమ్మా, రాసుకోండ్రి. ఆ కొమ్ముల జాయింటు వదులు. మా బిడ్డ అతికింది. అది వదులని మా ఇద్దరికి తప్ప లోకంల ఎవ్వరికి తెల్వది. విమానం గంత జోరు పోతుంటె, చీకట్ల, ఆరు సెకన్లల్ల, వదులు జాయింటు పట్టిండు ఈ సారు! ఈయన కండ్లకు రోగమా? ఈ కండ్లు మా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ల ఉంటే మేమెవ్వరం బతకకపోదుము!”

క్లారా హిందీలో చెప్పింది. కెప్టెన్ విన్నాడు. తన బొమ్మ తీసుకుని ఆ చుక్కల గీతల మీద వేలు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకుని, కుర్చీ సత్యరాజు పక్కకు లాక్కుని, తిరగడం ఎలా వచ్చిందని చేత్తో తిప్పి అడిగాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయన హిందీ ఫ్యాక్టరీ హిందీ. అయినా ఇద్దరూ చేతులతోనే అరగంట మాట్లాడుకున్నారు. “హవా… ఐసా… లంబా వాలా నీచే… ఘూమ్తా” అని, పొడుగు కొమ్ము కిందుంటే గాలికి ఎలా తిరుగుతుందో సత్యరాజు గాల్లో గీసి చూపిస్తున్నాడు.

ఈలోగా క్లారాను లోపలికి పిలిచారు. నేను ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి దాని చేతిలో ఒక కవరు.

“ఏమన్నరు?” అన్నాడు సత్యరాజు.

“నౌకరి పోలే. మూడు నెలలు ఎగరొద్దన్నరు. తర్వాత మల్ల ట్రైనింగ్. సంగతి ఫైల్ల ఉంటదంట. నువ్వు స్టేషన్ల రాసియ్యాలె, ఇగ ఏదీ ఎగరేయనని.”

కెప్టెన్ ఆ కవరు అడిగి చదివాడు. క్లారా అప్పుడు ఆయన ముందుకెళ్ళి “సారీ సర్” అంది. ఆయన కాగితం మడిచి దాని చేతిలో పెట్టాడు.

“నాకు తొమ్మిది రోజులకే పిచ్చెక్కింది. నీకు మూడు నెలలు. ఎక్కువే వేశారు,” అన్నాడు హిందీలో. తలపాగా సవరించుకుని, “నీ మీద నాకు కోపం లేదని అనను బేటా. ఉంది. తగ్గాక ఫోన్ చేస్తాను,” అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. భుజాలు మాత్రం ఇప్పుడు నిటారుగా ఉన్నాయి.

మేం బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. పిల్ల ఏడవలేదు, కవరు బ్యాగులో పెట్టి జిప్పు వేసుకుంది. సత్యరాజు దాని పక్కన నిలబడి ఏదో అడగాలని చూస్తున్నాడు, ఆగుతున్నాడు. మీసం దువ్వుకున్నాడు. దగ్గాడు.

“అయితె బిడ్డా… గీ మూడు నెలలు మనింట్లనే ఉంటవా?”

“ఇంకేడుంట డాడీ?”

“అట్లనా,” అన్నాడు. దిగులుగా మొహం పెట్టాలని ఆయన ఎంత ప్రయత్నించాడో! పెదాలు బిగించాడు, నేల చూశాడు, రోడ్డు అవతలికి చూశాడు. ఏం లాభం, ముప్ఫై రెండు పళ్ళూ బయటపడ్డాయి. ఫోన్ తీసి సుకుమారికి చేసి, దూరంగా జరిగి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని చెబుతున్నాడు:

“ఏడువకు, ఏం గాలే. ఒకటే మాట జెప్త ఇను, పిల్ల మూడు నెలలు ఇంట్లనే. ఆఁ, మూడు. మటన్ తెప్పియ్ ముందు.”

వినబడదనుకున్నాడు. క్లారాకూ, నాకూ, బస్టాపులో ఉన్న అందరికీ వినబడింది.